సిగ్గులమారి

మా మేనత్తను ఇంటిల్లిపాదీ మొండిఘటం అంటారు. నేనూ అంటాను, కాకపోతే గొప్పగా అంటాను. బట్టల మిల్లు వెనక ఒక నీళ్ల గుంట ఉంది. మిల్లుకు నీళ్లు తోడే గొట్టం మూతికి ఇనుప జాలీ ఉంటుంది. దానికి చుట్టుకున్న నాచునూ పిచ్చిమొక్కలనూ కొంకికర్రతో లాగి గట్టున పడెయ్యడం అత్త ఉద్యోగం.

అన్నీ పడేస్తుంది గానీ ఒక్క మొక్కను మాత్రం ఆ చెత్తలోంచి ఏరి, నీళ్లలోకి దిగి, కాలి బొటనవేలితో దాని వేరును మళ్లీ బురదలోకి నొక్కుతుంది. దాని పువ్వు మెలితిరిగిన కాడ మీద పైకొచ్చి, కాసేపు ఎండ చూసి, తిరిగి అడుక్కి ముడుచుకుపోతుంది. అందుకే సిగ్గులమారి అని పేరు పెట్టింది. మొక్కల గురించి చదువుకున్న ఒకావిడ వచ్చి, మిగతా గుంటలన్నీ పూడ్చేశారని, ఇది ఇక్కడ తప్ప ఈ చుట్టుపక్కల ఎక్కడా లేదని బాధపడి వెళ్లింది. అత్త ఒకసారి ఇంట్లో తొట్టిలో పెంచబోతే కుళ్లిపోయింది. చాలా రోజులు ఆవిడకు అన్నం సయించలేదు.

కొత్తగా వచ్చిన సూపర్‌వైజరుకు గుంట అద్దంలా ఉండాలట. ఎవరు మొహం చూసుకోవాలో!

"కలుపుమందు కొట్టిస్తున్నా. ఒక్క ఆకు మిగలదు. నీకూ పని తేలికవుతుంది" అన్నాడు.

"నా పని తేలిక చెయ్యమని మిమ్మల్ని ఎవరడిగారు?" అంది అత్త.

"ఎదురు మాట్లాడితే రేపట్నుంచి రానక్కర్లేదు."

మర్నాడు అత్త అందరికంటే ముందే వెళ్లింది. మందు కొట్టడానికి వచ్చింది ఎవరనుకున్నారు? మా నాన్న. ఆవిడ సొంత అన్న. మందు కొట్టడమే ఆయన బతుకుతెరువు. ఏ గుంటో కూడా అడక్కుండా ఒప్పుకున్నాడు మహానుభావుడు. నాన్న క్యారియరు ఇచ్చిపోదామని ఆయన వెంట వెళ్లిన నేను గట్టు మీదే నిలబడిపోయాను.

అత్త గుంటలోకి దిగి, సిగ్గులమారి ఉన్న మూలన మెడలోతు నీళ్లలో నిలబడింది.

"బయటికి రావే. ఆ మందు ఒంటికి మంచిది కాదు" అన్నాడు నాన్న.

"దీనికి మంచిదా మరి? కొట్టన్నయ్యా. ముందు నా మీద కొట్టు."

"నువ్వు కానియ్యవయ్యా. ఆ పిచ్చిది అదే బయటికొస్తుంది" అన్నాడు సూపర్‌వైజరు.

నాన్నకు చిర్రెత్తింది. ఇంట్లో ఆవిణ్ని మేం ఎన్నైనా అంటాం, పైవాడు అంటే మాత్రం పడం. వీపు మీది డబ్బా దించి, మూత బిగించి, దూరంగా పెట్టాడు.

"నువ్వు కాకపోతే ఇంకొకణ్ని పిలుస్తా" అన్నాడు సూపర్‌వైజరు.

నాన్న చొక్కాతోనే నీళ్లలోకి దిగాడు. చెల్లెలి భుజం గట్టిగా పట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఆవిడకంటే పొట్టి, నీళ్లు గడ్డం దాకా వచ్చాయి.

"పిలవండి. నాకు ఈతొచ్చి చావదు. అయినా సరే, వాడొచ్చేదాకా ఇక్కడే ఉంటా" అన్నాడు నాన్న.

సూపర్‌వైజరు చేతిలోకి తీసుకున్న ఫోను మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"అన్నయ్యా, కాస్త ఇటు జరుగు. దాన్ని తొక్కుతున్నావు" అంది అత్త.