ఒక్క గుక్క తాగు సారూ

కౌసల్యమ్మ నోటికి కోట్‌పల్లి మండలంలో జడవని వాళ్లు లేరు. కందులు అమ్మడానికి తాండూరు మార్కెట్‌కు పోతే, వ్యాపారి పిడికెడు గింజలు తీసి, రెండు నోట్లో వేసుకుని కొరికి ధర చెబుతాడు. అంతవరకూ ఆమె చూపు వాడి దవడ మీదే ఉంటుంది. "కొరికి సూసినవ్ గదా, ఇగ వంక పెట్టకు" అంటుంది. అంత గట్టి మనిషి, కన్నబిడ్డ గ్లాసులో ఏం పడుతోందో అడగలేదు. ఎందుకంటే అందులో కలిపే పొడి ఇచ్చినవాడు చదువుకున్న సారు.

బిడ్డ అంకిత కబడ్డీ ఆడేది. కూతకు పోయిందంటే ఎవరో ఒకరిని తాకకుండా తిరిగొచ్చేది కాదు. వికారాబాద్‌లో అకాడమీ నడిపే ప్రవీణ్ సారు బడిలోనే ఆమె ఆట చూసి, రోజూ ఇంటి నుంచి వచ్చిపోయేలా చేర్చుకున్నాడు. ఆట బాగానే నేర్పాడు, కాదనడానికి లేదు. రాష్ట్ర జట్టుకు ఆడింది, ఆ తర్వాత ఒక ప్రొఫెషనల్ లీగ్ జట్టు ఆమెను ఎంచుకుంది. అప్పటికి ఏడాది నుంచీ సారు ఆమె బ్యాగులో పొడి డబ్బాలు పెట్టి పంపుతున్నాడు. "ప్రోటీన్ అమ్మా. పొద్దున్నే పాలల్లో కలిపి ఇవ్వు. నలుగురికీ చెప్పకు, దిష్టి తగులుతది" అన్నాడు. దిష్టట! ఆ ఒక్క మాటతో మండలం జడిసే నోరు మూయించాడు.

కౌసల్యమ్మ వంటింటికి కొన్ని పట్టింపులున్నాయి. ఎంగిలంటే ఆమెకు ఒళ్లు మంట, కట్టుకున్నవాడు తాగిన గ్లాసునైనా కడగనిదే ముట్టదు. బయట నుంచి ఏది వచ్చినా వచ్చిన రోజే స్టీలు డబ్బాలో పోసేస్తుంది. ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలు పాతసామాన్ల బండివాడికి వేసి, బదులుగా పోపుకు ఎల్లిగడ్డలు తీసుకుంటుంది. సారు పంపిన డబ్బాలన్నీ అట్లాగే ఎల్లిగడ్డలైపోయాయి.

లీగ్ మొదలయ్యే ముందు డోపింగ్ పరీక్షవాళ్లు వచ్చి అంకిత మూత్రం తీసుకుపోయారు. అందులో స్టెరాయిడ్ ఉందని తేలింది. ఒంట్లో ఏది దొరికినా బాధ్యత ఆడేవాళ్లదేనని నియమం. విచారణలో, సారు ఇచ్చిన డబ్బా చూపించమన్నారు. కౌసల్యమ్మ స్టీలు డబ్బా ముందు పెట్టింది. ఇందులో ఎవరు ఏం కలిపారో మాకెట్లా తెలుస్తుందమ్మా అన్నారు. వాళ్లన్నది తప్పు కాదు, అందుకే ఇంకా కడుపు మండుతుంది. ప్రవీణ్ సారేమో నోట్లో వేలు పెట్టినా కొరకలేనివాడిలా కూర్చుని, "నేనిచ్చింది ఉత్త ప్రోటీన్. వాళ్లింట్లో ఏం కలిపి తాగించారో" అన్నాడు. అంకితను నాలుగేళ్లు ఆడొద్దన్నారు. సారును ఎవరూ ఏమీ అనలేదు.

ఇంటికొచ్చాక అంకిత ఏడవలేదు. కానీ తల్లి చేత్తో ఏది ఇచ్చినా ముట్టడం మానేసింది. అన్నం తానే వడ్డించుకునేది, పాల జోలికే పోయేది కాదు.

"నా మీద అనుమానమా బిడ్డా?" అని ఒకరోజు కౌసల్యమ్మ అడిగేసింది.

"అనుమానం గాదమ్మా. నువ్వు గ్లాసు పట్టుకొని వస్తుంటే నాకు భయమైతుంది."

బిడ్డ మందులు తిని ఆడిందని ఊరు ఆడిపోసుకుంటే కౌసల్యమ్మ ఊరి నోరు మూయించింది. ఈ మాటకు మాత్రం తన చేతులకేసి చూసుకుంది. ఏడాది పొడుగునా కలిపి తాగించిన చేతులు తనవే మరి.

ఇంతలో తాండూరులో ఒక ఫంక్షన్ హాల్లో ప్రవీణ్ సారుకు సన్మానమని తెలిసింది. అదే రోజు కొత్తగా చేరే పిల్లలకు బ్యాగులు, పొడి డబ్బాలు కూడా పంచుతారట. ఆ మాట చెప్పినవాడు పక్కింటి బిచ్చయ్య, ఆయన మనవరాలూ చేరుతోంది. కంచె చేను మేసింది చాలక, ఆ కంచెకు శాలువా కప్పుతున్నారు!

"పోకు, ఇజ్జత్ పోతది" అన్నాడు భర్త వెంకటేశ్వర్.

"ఇంకా ఏడ మిగిలిందయ్యా పోనీకి?" అని, ఒక సీసాలో పాలు, ఒక గ్లాసు సంచిలో వేసుకుని ఆమె బస్సెక్కింది. అమ్మ ఏం చేసి కూర్చుంటుందో అని అంకిత వెంట బయల్దేరింది.

సారుకు శాలువా కప్పారు, దండ వేశారు, మిఠాయి తినిపించారు, పిల్లలకు డబ్బాలు పంచారు. కౌసల్యమ్మ బిచ్చయ్య మనవరాలి చేతిలోని డబ్బా తీసుకుని నేరుగా స్టేజీ ఎక్కింది. అందరూ చూస్తుండగా సీలు చింపి, పాలల్లో పొడి కలిపి, గ్లాసు సారు ముందు పెట్టింది.

"గిది నీ డబ్బనే. గిప్పుడే సీలు తీసిన, నేనేం కలపలే. ఒక్క గుక్క తాగు సారూ."

సారు నవ్వాడు. "ఇదేం పద్ధతమ్మా? ఇయ్యాల శనివారం, నాకు ఒక్కపొద్దు."

"ఒక్కపొద్దుకు పాలు తాగొచ్చు."

"నాకు షుగరున్నది."

"మెడల గంత పెద్ద దండేస్కున్నవ్, మిఠాయి తిన్నవ్, గిప్పుడొచ్చిందా షుగరు? మా కందులు నోట్లె ఏస్కోకుంట ఎవ్వడు కొనడు. నీ సరుకు నువ్వు నోట్లె ఏస్కో! నా బిడ్డ యాడాది తాగింది. నీకు ఒక్క గుక్క దిగుతలేదా?"

సారు గ్లాసు వైపు చెయ్యి చాచాడు, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. ఆ చెయ్యి వెనక్కి పోవడం అంకిత కళ్లారా చూసింది. బిచ్చయ్య లేచి, పక్క పిల్ల దగ్గరున్న సీలు తియ్యని డబ్బా అడిగి చంకలో పెట్టుకున్నాడు. "దీన్ని పరీక్షకిస్త" అని మనవరాలిని తీసుకుని బయటికి నడిచాడు. ఇంకొందరు తల్లిదండ్రులు ఆయన వెనకే లేచారు.

అంకిత నిషేధం దీంతో ఎత్తేయలేదు. ఆ సంగతి కౌసల్యమ్మకూ తెలుసు.

సాయంత్రం బర్రె పాలు పితికి, కాచి, గ్లాసులో పోసుకుని కౌసల్యమ్మ బిడ్డ ఎదురుగా వచ్చి కూర్చుంది. కూర్చుని, ఎంగిలంటే మండిపడే ఆ మనిషి, గ్లాసు పెదాలకు ఆనించి ఒక గుక్క మింగింది. తర్వాత గ్లాసు ఇద్దరి మధ్యా పెట్టి చెయ్యి తీసేసింది.

అంకిత దాన్ని ఎత్తి, అమ్మ ఎంగిలి పాలు అడుగుదాకా తాగింది.