నేను తొడిగిన రవిక

నిరుడు విశాఖపట్నంలో ఒక పెద్ద చిత్రకారుడి జీవితకాలపు బొమ్మలన్నీ ఒక్కచోట చేర్చి ప్రదర్శన పెట్టారు. ఆయన ఇప్పుడు లేరు. నేను పుట్టకముందు ఒక వానాకాలమంతా అరకు దగ్గర మా ఊరి చర్చి వెనక గదిలో ఉండి, చోళ్లు చెరుగుతున్న మా అమ్మ బొమ్మ వేసి, వెళ్తూ వెళ్తూ అమ్మకే ఇచ్చేశారట. దాన్ని ప్రదర్శనకు అడగడానికి ఆ ఏర్పాట్లు చూస్తున్న మేడమ్ ఒకావిడ జీపులో మా ఇంటికి వచ్చారు.

ఆవిడ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డారు. "ఈ నీలం రవిక ఎంత ధైర్యంగా వేశారో చూడండి! ఆయన బొమ్మల్లో ఇలాంటి నీలం ఇంకెక్కడా లేదు," అన్నారు.

ఎలా ఉంటుంది? అది చర్చి కిటికీలకు వేయగా మిగిలిన రంగు. వేసింది నేను.

తొమ్మిదో తరగతిలో క్రిస్మస్‌కి హాస్టల్ స్నేహితురాళ్లు మా ఇంటికి వస్తామన్నారు. బొమ్మలో అమ్మకు రవిక లేదు. మా కొండల్లో పాతతరం ఆడవాళ్లు చాలామందిలాగే అమ్మ అప్పటికీ రవిక తొడుక్కునేది కాదు. నాకు తల కొట్టేసినట్టయింది. అమ్మ కాఫీ తోటకు వెళ్లిన పూట బ్రష్ పట్టుకున్నాను. తిరిగొచ్చి చూసి అమ్మ ఏమీ అనలేదు. నచ్చిందనుకుని ఇన్నేళ్లూ హాయిగా ఉన్నాను.

నోరు మూసుకుంటే నా రవిక దర్జాగా పట్నం వెళ్లిపోయేది. కానీ మేడమ్ ఆ నీలం గురించి నోట్‌బుక్ తీసి రాసుకుంటుంటే ఉండబట్టలేక చెప్పేశాను. ఆవిడ నా చేతుల వంక అదోలా చూశారు. పైరంగు జాగ్రత్తగా తీసేయొచ్చు గానీ ఇంటివాళ్లు ఒప్పుకోవాలన్నారు.

నేను ఒప్పుకోలేదు. అంతమంది ముందు అమ్మను అలా నిలబెట్టనని గట్టిగానే చెప్పాను. మేడమ్ అమ్మ వైపు తిరిగి, "మీరేమంటారమ్మా?" అని అడిగారు.

చేటలో కాఫీ గింజలు ఏరుతున్న అమ్మ తలెత్తింది. "తీసీండమ్మా. నాకేటి సిగ్గు?"

"మరి అప్పుడే నన్ను తిట్టలేదేం?" అన్నాను ఉక్రోషంగా.

"ఏటని తిడతానే? బొమ్మని సూసినాక నీ మనసు తెలిసింది. నీ సావాసగత్తెలు వొచ్చిన రోజు నానూ పక్కింటామె రవిక అడిగి తొడుక్కున్నాను. జబ్బల కాడ పట్టేసి, బువ్వ వడ్డించడానికి సెయ్యి లేవనేదు. నీకు గుర్తు నేదేటి?"

ఆ రోజు ఎవరెవరు వచ్చారో, ఏ పాటలు పాడామో, కేకులో ఎన్ని ముక్కలు మిగిలాయో అన్నీ నాకు గుర్తున్నాయి. అమ్మ ఏం తొడుక్కుందో నేను చూడనే లేదు.