సలాబత్‌పురా హాలు పైకప్పు

నా ఉద్యోగ జీవితపు చివరి సంవత్సరాల్లో ఒకసారి, వానలకు నెల ముందు, సలాబత్‌పురాలోని పాత భజన మందిరాన్ని పరీక్షించే పని నాకు అప్పగించారు. అప్పుడు నేను సూరత్‌లో ఒక కన్సల్టింగ్ సంస్థలో సీనియర్ స్ట్రక్చరల్ ఇంజినీరును. కట్టడం నిలుస్తుందో లేదో తేల్చి సంతకం పెట్టాలి. నిలవదని రాస్తే కూల్చివేత తప్పదు.

తెలంగాణ నుంచి వచ్చిన నేత కుటుంబాలు తాతల కాలంలో కట్టుకున్న మందిరం అది. భజనలు కొత్త గుడికి మారాక అందరి హాలయింది. పొద్దున పిల్లలకు టీకాలు, మధ్యాహ్నం కుట్టు తరగతి, సాయంత్రం దరఖాస్తులు నింపే బల్ల. బాగోగులు చూసేది నర్సవ్వ, చాలా ఏళ్లు పవర్‌లూమ్‌లో బాబిన్లు చుట్టిన మనిషి.

నడిమి టేకు దూలాలు రెండూ కిందికి వంగి ఉన్నాయి. దూలం గోడలో దాగిన కొస దగ్గరే ముందు పుచ్చుతుంది. అక్కడ సన్నని బర్మాతో తొలిచాను. పొడి రాలితే పుచ్చు, చుట్టలుగా వస్తే గట్టి కర్ర. చుట్టలే వచ్చాయి. అయినా లెక్క ప్రకారం అంత వంగకూడదు. కారణం తెలియనప్పుడు భద్రత వైపే మొగ్గాలి. వాడకానికి పనికిరాదని ముసాయిదా రాసి, నర్సవ్వకు చెప్పాను.

"ఏంది సార్, గిట్లంటరు? కప్పు కురిసినప్పుడల్లా మీద సిమెంటు పోయిస్తనే ఉన్నం గద!"

ఎన్నిసార్లని అడిగాను.

"యాదికి లేదు. మా అత్త పోయించింది, నేను పోయించిన."

వెంటనే పైకెక్కి పలుగుతో గుంట తవ్వించాను. అసలు సున్నపు కప్పు తగిలేసరికి జానెడు లోతు దిగింది. ఆ బరువంతా దూలాలే మోస్తున్నాయి.

హాలు మూసి, దూలాల కింద ఉక్కు ఊతాలు పెట్టించి, పొరలన్నీ తీయించాం. ఆ తర్వాత ఊతాలు దూలాలకు తగలకుండా కాస్త దించి, లోడ్ టెస్టు. వెంట్రుకవాసి కదలికనైనా చూపే డయల్ గేజ్‌ను దూలం కింద బిగించి, పైన ఇసుక బస్తాలు పేర్చి, ఒక రోజు ఉంచి దించాం. ముల్లు దాదాపు మొదటి చోటికే వచ్చింది, అంటే దూలాల బలం చెడలేదు. రెండోసారి చూసిగానీ నమ్మలేదు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

నర్సవ్వ చాయ్ తెచ్చింది. "జర తాగుండ్రి సార్. నాకన్న మీరే ఎక్కువ బుగులువడ్డట్టున్నరు."

అవును, భయపడ్డానని ఒప్పుకున్నాను. ముసాయిదా చింపేసి, కప్పు మీద ఇక సిమెంటు పోయరాదన్న షరతుతో అనుమతి రాశాను.

ఆ తర్వాత ఏ పాత భవనానికి వెళ్లినా, పరికరాలు తీయకముందే అక్కడ ఊడ్చేవాళ్లను, తాళం వేసేవాళ్లను కూర్చోబెట్టి అడిగేవాణ్ని. కట్టడం మీద ఏ బరువు ఎప్పుడు పడిందో చాలాసార్లు రికార్డుల్లో ఉండదు. వాళ్లకు తెలుస్తుంది.