ఎర్రచుక్క వాషరు

మెకానిక్కులు మంచి సామాను కొట్టేసి అరిగిపోయింది బిగిస్తారని ఓ దర్జీకి గట్టి అనుమానం. అందుకే ఇరవయ్యేళ్ల నాటి తన చిన్న మోటారు సైకిలుని వసారాలో పాత దుప్పటి మీద నిలబెట్టి తనే విప్పుతాడు, తనే బిగిస్తాడు. విప్పిన ప్రతి ముక్కకీ భార్య నెయిల్ పాలిష్‌తో ఎర్రచుక్క పెడతాడు. ఎవడైనా మారిస్తే ఇట్టే దొరికిపోవాలని. మొన్న ఆదివారం కార్బురేటర్ కడిగి బిగించిన దగ్గర్నుంచీ ట్యాంకులో పెట్రోలు తగ్గిపోతోంది. కొలబద్ద ముంచి చూస్తే రోజుకో గీత కిందికి దిగుతోంది. "పక్కింటాయన ఈమధ్య మరీ నవ్వుతూ పలకరిస్తున్నాడు, చూశావా?" అని భార్య చెవిలో ఊదాడు. ఆ సాయంత్రం ట్యాంకు మూత చుట్టూ దారం చుట్టి, తనొక్కడికే వచ్చిన ముడి వేశాడు. తెల్లారి చూస్తే ముడి చెక్కుచెదరలేదు, పెట్రోలు మాత్రం తగ్గింది. "విప్పి మళ్లీ అదే ముడి వేశాడంటే వాడు సామాన్యుడు కాదే!" అన్నాడు. భార్య ఉతకడానికని బండి కింది దుప్పటి లాగింది. పెట్రోలుతో తడిసి ముద్దయి ఉంది. ఆమె లోపలికెళ్లి గుండీల డబ్బాలోంచి ఓ చిన్న వాషరు తెచ్చి అతని అరచేతిలో పెట్టింది. "పొద్దున గుండీ వెతుకుతుంటే దొరికిందండీ. ఇది బిగించడం మర్చిపోయినట్టున్నారు. కారేది అక్కడే." అతను వాషరుని వెలుతురుకి తిప్పి చూశాడు. ఎర్రచుక్క నిగనిగలాడుతోంది. తర్వాత వీధివైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు.

"నీ నెయిల్ పాలిష్ పక్కింటివాళ్లకి గానీ ఇచ్చావా?"