తూర్పుకు తిరిగిన రోమ్ ద్వారం

పన్నెండేళ్లుగా బ్రాడీపేటలో అద్దె ఇంట్లో ఉంటున్నదాన్ని. రంగుల కాగితం మీద మేడ కనిపిస్తే మనసు ఊరుకుంటుందా? ఇది రెండు వేల ఆరు నాటి మాట. ఆ కరపత్రంలో రోమ్ రాజులు కట్టించినట్టుండే స్తంభాలు, పాలరాతి మెట్లు, ఇంటి ముందు కాలువ, అందులో పడవ కూడా ఉన్నాయి. మార్టూరు దగ్గర వేస్తున్న ఆ వెంచర్లో ఇంటి స్థలం కొనాలంటే, నా పెళ్లికి నాన్న పసుపు కుంకుమ కింద రాసిచ్చిన ఎకరం పత్తి చేను అమ్మాలి. చేను కొనేవాళ్లు బుధవారం సాయంత్రానికల్లా మాట చెప్పమన్నారు. ఆదివారాలైతే వెంచరు కంపెనీవాళ్లే బస్సు పెట్టి, భోజనం పెట్టి మరీ స్థలాలు చూపిస్తారు. ఆదివారం దాకా ఆగే వీలు లేక, ఆ బుధవారమే బడికి సెలవు పెట్టి ఒక్కదాన్నే బయలుదేరాను.

ఉదయం ఎనిమిదింటికి గుంటూరులో ఒంగోలు బస్సెక్కాను. మార్టూరుకు గంటన్నర పైనే పడుతుంది, టికెట్టు ముప్ఫై రూపాయల చిల్లర. చిలకలూరిపేట దాటాక ఎటు చూసినా కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలే. ఆ ఘాటుకు బస్సంతా తుమ్ముతుంటే, నేను మాత్రం కరపత్రం ఒళ్లో పెట్టుకుని కొత్తింట్లో కాపురం పెట్టేశాను. మేడ మీద వసారాలో తల ఆరబెట్టుకుంటున్నాను, కింద కాలువ నీళ్లు మెల్లగా కదులుతున్నాయి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మా ఆయన ఊరికే అనలేదు.

మార్టూరులో దిగి నలభై రూపాయలకు ఆటో మాట్లాడుకున్నాను. గ్రానైటు పాలిష్ మిల్లుల దుమ్ము దాటాక, హైవే పక్కన చేల మధ్య పెద్ద ఇటుకల గోడ ఒకటి కనిపించింది. దానికి సిమెంటు పూత కూడా లేదు.

“అదేనండి మీ వెంచరు,” అన్నాడు డ్రైవరు.

“మరి స్తంభాలేవి?”

“అవి అటువైపండి. రోడ్డేమో పడమర పడింది. వాస్తు చూసినాయన తూర్పు ద్వారమే ఉండాలన్నాడంట. అందుకని ఆర్చిని చేలకేసి తిప్పి కట్టారు. ముందువైపు చూడాలంటే మట్టిడొంకన చుట్టూ తిరగాలండి. ఇంకో పది రూపాయలవుద్ది.”

పది రూపాయలిచ్చి రోమ్ నగరం చుట్టూ తిరిగాను.

నిజం చెప్పాలి, ముందువైపు అందంగానే ఉంది. ఎండలో తెల్లటి స్తంభాలు, ఎదురుగా విచ్చుకున్న పత్తి. కాసేపు అలాగే నిలబడిపోయాను. లోపల మాత్రం ఒక్క ఇల్లూ లేదు. హద్దురాళ్లు, తారురోడ్లు, ఆ రోడ్ల నిండా మిరపకాయలు. పడవ తిరగాల్సిన కాలువ మోకాలి లోతు ఎండిన గుంట. తలకు తువ్వాలు చుట్టుకుని కాయలు తిరగేస్తున్న ఒకావిడ నన్ను చూసి కేకేసింది.

“స్థలం చూట్టానికొచ్చావా అమ్మా? ఇట్టా నీడకి రా!”

ఆర్చి వెనక్కి తీసుకెళ్లింది. అటునుంచి స్తంభాలన్నీ బోలు. ఒకదాని లోపల ఆమె మంచినీళ్ల బిందె, అన్నం క్యారేజీ పెట్టుకుంది. వద్దంటున్నా గోంగూర కలిపిన ముద్ద చేతిలో పెట్టింది.

“ఈ కాయలు మీవేనాండీ?” అని అడిగాను.

“కాయలు కౌలు చేలో పండినయ్యి. ఈ నేలైతే రెండేళ్ల కిందటిదాకా మాదే.”

“ఎందుకమ్మారు?”

ఆమె నా చేతిలోని కాగితం చూసి నవ్వింది. “మాక్కూడా ఆ బొమ్మలే చూపిచ్చారు. మన పొలంలో రాజమహల్ లేస్తుందని మా ఆయన మురిసిపోయి సంతకం పెట్టేశాడు. మాకూ ఓ మేడ ఇస్తామన్నారు. అదుగో, ఆ మూల రాయి దగ్గరే. ఇప్పటికీ పొద్దుగూకేటప్పుడు వెళ్లి ఆ రాయి మీద కూర్చుంటాడు, మేడెక్కి కూర్చున్నట్టు. నేనేమో నా నేల మీద నా కాయలు ఆరబోసుకోటానికి వాచ్‌మన్ని అడగాల్సొస్తంది.”

ఆమె నవ్వుతూనే చెప్పింది. నేను కరపత్రం మడిచి సంచిలో పెట్టేసుకున్నాను.

మధ్యాహ్నం మార్టూరు బస్టాండు దగ్గర ఫోన్ బూత్ నుంచి మా ఆయనకు ఫోన్ చేసి, చేను అమ్మడం లేదని కొంటామన్నవాళ్లకు చెప్పేయమన్నాను. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాను కూడా. ఆ వసారా అంటే నాకు ఇప్పటికీ ఇష్టమే, కలగన్నందుకు సిగ్గూ లేదు. కానీ ఎవరినీ అడగకుండా అడుగు పెట్టగలిగే చోటు ఈ భూమ్మీద నాకు ఒక్క ఎకరం ఉందని ఆ రోజు వరకు నాకు తట్టనే లేదు.

మీరూ ఇలాంటి వెంచరు చూడాలనుకుంటే ఆదివారం వాళ్ల బస్సులో వెళ్లకండి. పనిరోజున మీ అంతట మీరు వెళ్లి, ఆ నేల మొన్నటిదాకా ఎవరిదో కనుక్కుని, వాళ్ల పక్కన కాసేపు కూర్చుని రండి.