గొలుసు మేస్త్రి కుదురు

గొలుసు మేస్త్రి ఒక్కచోట కుదురుగా నిలబడగా చూసినవాళ్లు ఆ కార్ఖానాలో ఎవరూ లేరు. టన్నుల కొద్దీ బరువులను గొలుసులతో క్రేనుకు తగిలించడం ఆయన ఉద్యోగం. బరువు ఒరగకుండా లేవాలంటే ఒక్కోసారి ఒకవైపు గొలుసును పొట్టి చేయాలి. అందుకు దాని లింకు ఒకదాన్ని ఇరుకునోటి కొక్కెంలోకి అడుగుదాకా దించాలి. ఈ మహత్కార్యానికి ముందు ఆయన మూడుసార్లు లింకులు లెక్కపెట్టి, నాలుగోసారి వేలితో తడిమి, అప్పటికీ నమ్మకం కుదరక బరువు చుట్టూ తిరుగుతారు. ఇంట్లో గోడగడియారం ఒరిగిందేమోనని అన్నం మధ్యలో లేచి వెళతారు. "ఈయన్ని కూడా ఆ క్రేనుకే తగిలించండి, కాసేపు కాళ్లు ఆగుతాయి" అంటుంది భార్య.

మొన్న ఒక పెద్ద మోటారు జానెడు ఎత్తు లేచి, పైన నిండు గ్లాసు పెట్టినా తొణకనంత సమంగా నిలిచింది. అందరూ హమ్మయ్య అనుకుంటుండగా మేస్త్రి చెయ్యి కిందికి ఊపారు. "దించు!"

"మళ్లీనా బాబాయ్?" క్రేను డ్రైవరు నెత్తి కొట్టుకున్నాడు.

మోటారు పక్కనే నిలబడ్డ ఇంజనీరు విసుక్కున్నారు. "గీత గీసినట్టుంది కదా మేస్త్రీ! ఇంకేం కావాలి?"

"ఏదో టిక్కుమంది సార్."

మోటారు నేలకు ఆనింది. బిగిసేటప్పుడు పొట్టి చేసిన గొలుసు మెలిక తిరిగినట్టుంది, లింకు కొక్కెం పెదవి మీదికి ఎక్కి కూర్చుంది. మేస్త్రి బొటనవేలు తగలగానే ఊడి చేతిలోకొచ్చింది. ఆయన మెలిక విప్పి, లింకును అడుగుదాకా దించి, తడిమి, చెయ్యి పైకెత్తారు.

మోటారు మళ్లీ జానెడు లేచింది. పదడుగులు వెనక్కి జరిగిన ఇంజనీరు గొంతు సవరించుకున్నారు.

"పోనీ, ఇంకొక్కసారి దించి చూద్దామా మేస్త్రీ?"