గాలికి తిరిగేది

మండపేటలో మాది గోనెసంచుల కొట్టు. చుట్టుపక్కల రైసుమిల్లులకి సంచులు మా దగ్గరనుంచే వెళ్తాయి. వారమంతా నేను గల్లాపెట్టె దగ్గరే కూర్చుంటాను. కొట్టు కట్టేసిన రోజున మాత్రం కెమెరా సంచీ భుజాన వేసుకుని, రావులపాలెంలో బస్సు మారి, మొగల్తూరు అవతల సముద్రపొడ్డుకి పోతాను. అక్కడ రొయ్యల చెరువుల ఆసామి ఒకాయన గాలిమర పెట్టించాడు. తెల్లటి స్తంభం, మూడు రెక్కలు, చుట్టూ ఉప్పునేల. దాన్ని ఫొటోలు తీస్తాను. ఇదీ నేను చేసిన నేరం.

"కొట్టుకి కోడలై ఉండి గాలికి తిరుగుతోందండీ" అని మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, వచ్చిన బేరగాళ్ళకల్లా చెప్పేవారు. పనీపాటా లేకుండా ఊళ్ళు పట్టుకు తిరిగేవాళ్ళని అనే మాట అది. మగవాణ్ణంటే మందలింపు, ఆడదాన్నంటే తిట్టు. విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది. ఆ వారం వెళ్ళాలనుకోకపోయినా ఆ మాట వింటే వెళ్ళేదాన్ని.

ఒడ్డున చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళకి నేనంటే వేళాకోళం. "ఏంటమ్మగారూ, ఆ ఫ్యానుకి మళ్ళీ ఫొటోనా? మొన్నటికీ ఇవాళ్టికీ ఏమన్నా ఎదిగిందాండీ?"

అది ఎదగదు, దాని వెనక ఆకాశం మారుతుంది. ఓ మధ్యాహ్నం నల్లమబ్బు కమ్మింది. ఎండ ఇంకా ఇటువైపే ఉంది. రెక్కల నీడ ఇసుక మీద పరిచిన చేపల్ని దాటుకుంటూ పోతోంది. ఒకావిడ వాన పడేలోపు వాటిని గంపకెత్తే హడావిడిలో తలైనా ఎత్తలేదు. లెన్సు మీద పడ్డ ఉప్పుతుంపర చీర కొంగుతో తుడిచి తీశాను. అంత మంచి ఫొటో నేనెప్పుడూ తీయలేదు.

ఏటా మా కొట్టు పేరుతో కాలెండరు వేసి మిల్లులకి పంచుతాం. ఈసారి దాని మీద నా ఫొటో వెయ్యాల్సిందేనన్నాను. బావగారు ఎగిరిపడ్డారు.

"లక్ష్మీదేవి ఉండాల్సిన చోట ఫ్యానా? గాలికి తిరిగేదాని బొమ్మ ఎవరు తగిలించుకుంటారమ్మా?"

మా ఆయన పురికొస ఉండ చుట్టడంలో పడ్డారు. నాకు మాత్రం నవ్వొచ్చింది. బావగారు తిట్టింది మరనో నన్నో ఆయనకే తెలియలేదు. తెలుగులో ఆ మాటకి ఆడమనిషైనా ఒకటే, మరైనా ఒకటే. ప్రెస్సుతో మాట్లాడేది ఎప్పుడూ నేనే కనక, ఆ ఫొటోయే ఇచ్చాను. కింద పెద్ద అక్షరాలతో ‘గాలికి తిరిగేది’ అని వేయించాను. ఆ పక్కన ఫొటో తీసినవారంటూ నా పేరు.

కాలెండర్లు పంచనన్నారు బావగారు. మిల్లు మిల్లుకీ నేనే పట్టుకెళ్ళాను. ఒక గుమస్తా అటూ ఇటూ తిప్పి చూసి, "దేవుడి బొమ్మ లేదేంటండీ?" అన్నాడు.

"మిగతా కొట్లవాళ్ళు ఇస్తారు లెండి దేవుళ్ళని" అన్నాను. నవ్వి, మేకు వెతికాడు.

తిరిగొచ్చేసరికి పొద్దుపోయింది. బావగారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. "ఇంతసేపూ ఎక్కడికెళ్ళావమ్మా?"

గల్లాపెట్టె పైన పొద్దున్నే నేను తగిలించిన కాలెండరు చూపించాను.

"కింద రాసుంది కదండీ బావగారూ, చదవండి."